కొండకసిందను మందుమొక్క అనకండి

మారేడుమిల్లి దాటిన తరువాత ఒక మట్టిదారిలో, పోడు చేను గట్టు మీదుగా దిగుతున్నప్పుడు, నా చొక్కా చేయి ఒక తీగకు చిక్కుకుంది. ముందుకు లాగితే గుడ్డ చిరుగుతుందే తప్ప తీగ వదలదు. ఒక అడుగు వెనక్కి వేసి, చేతిని పైకెత్తి, ముల్లు ఏ వైపు వంగి ఉందో చూసుకొని విడిపించుకోవాలి. నాతో వస్తున్న పెద్దాయన అలాగే విడిపించి, "ముళ్లతీగ బాబూ, ఇటుపక్క నడవండి" అన్నాడు. దాని పేరేమిటని అడిగాను. "మా అయ్య ఏదో అనేవాడు. ఇప్పుడు ఎవరూ అనట్లేదు" అన్నాడు. ఒక ఆకు తుంచి నలిపితే నిమ్మాకు వాసన వచ్చింది. ఊరి పేరులోనే మారేడు ఉన్న చోట, మారేడుకు దగ్గరి చుట్టమైన మొక్క పేరులేనిదై పడి ఉండడం నాకు ఆ పూట అంతా మనసులో మెదులుతూనే ఉంది.

పేరు లేకపోవడమేమిటి, ఉంది. పాత పుస్తకాలలో అది కొండకసింద. కొన్ని చోట్ల మిరపగండ్ర అని కూడా రాశారు. నిమ్మ, నారింజ, వెలగ, మారేడు, కరివేపాకు, సదాపాకు, బిల్లుడు ఏ కుటుంబానివో ఇదీ ఆ కుటుంబానిదే. ఒక్కో కాడకు మూడు ఆకులు. ఆకును వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్లు కనిపించే నూనె చుక్కలు. పసుపూ ఆకుపచ్చా కలిసిన చిన్న చిన్న పూలు. బఠాణీ గింజంత నారింజ రంగు కాయలు. తీగ ముదిరే కొద్దీ దాని ముళ్ల కింద బెరడు బొడిపెల్లా ఉబ్బుతుంది, ఆ బొడిపె కొనన ముల్లు మిగులుతుంది. అలాంటి ముదురు కాండాన్ని చూస్తే ఎవరో కావాలని చెక్కిన గదలా ఉంటుంది. దానికి నులితీగలు లేవు, చుట్టుకొని పాకే అలవాటూ లేదు. కిందికి వంగిన ముళ్లను పక్క చెట్టు కొమ్మలకు తగిలించుకుంటూ, జారిపోకుండా, వెలుగు దొరికే దాకా పైకి పోతుంది. అంటే నా చొక్కాను పట్టుకున్నది శత్రుత్వంతో కాదు. దానికి నేను మరో కొమ్మను.

తూర్పు కనుమలలో, నల్లమలలో, శేషాచలంలో, పడమటి కనుమలలో, సింహళంలో, చైనాలో, ఆగ్నేయాసియాలో, మడగాస్కరులో, తూర్పు ఆఫ్రికాలో ఇది పెరుగుతుంది. ఇన్ని దేశాలలో ఉన్న మొక్క గురించి ఇంటర్నెట్టులో తెలుగులో వెతికితే దొరికేది దాదాపు ఒకే రకం సమాచారం: జ్వరానికి మంచిది, కీళ్ల నొప్పులకు మంచిది, దగ్గుకు మంచిది, వేరు బెరడు కషాయం తాగాలి. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ జాబితానే. కొండకసిందను ఔషధ మొక్క అనే ఒక్క గదిలో పెట్టి తాళం వేయడం వల్ల దానికీ మనకూ కూడా నష్టమే జరిగిందని నా అభిప్రాయం. ఈ మాటను ఔషధ విలువ లేదని చెప్పడానికి అనడం లేదు. ఉందనడానికి కావలసిన సాక్ష్యం నా దగ్గర చాలానే ఉంది, ముందు అదే చెబుతాను.

విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువులో మద్రాసుకు వచ్చి, 1781 నుంచి 1793 దాకా మన సామర్లకోటలో ఉన్నాడు. అక్కడ ఒక తోట పెంచాడు. చుట్టుపక్కల కొండలూ కోనలూ తిరిగి మొక్కలు సేకరించాడు. స్థానిక చిత్రకారుల చేత వాటి బొమ్మలు గీయించాడు. ఆయన వర్ణనలలో చాలా వాటికి పక్కనే తెలుగు పేరు ఉంటుంది. కొండకసింద దగ్గర ఆయన రాసిన నాలుగైదు వాక్యాలు నేను ఎన్నిసార్లు చదువుకున్నానో చెప్పలేను. మొక్కలో ప్రతి భాగమూ ఘాటుగా ఉంటుందనీ, అప్పుడే కోసిన వేరు మరీ ఘాటనీ, పచ్చి ఆకులను కడుపునొప్పికి నమిలి తింటారనీ, పండిన కాయలు మిరియాలకు ఏమాత్రం తీసిపోని కారంగా ఉంటాయనీ, వాటిని ఇక్కడివాళ్లు ఊరగాయ పెడతారనీ, ఆ ఊరగాయ ఎంతో బాగుంటుందనీ ఆయన రాశాడు. ఆ తరువాతే, తెలుగు వైద్యులు పచ్చి వేరు బెరడును కొండజ్వరానికి ఇస్తారని చెప్పాడు. సమర్థుడైన వైద్యుడి చేతిలో ఇది విలువైన మందు కాగలదన్నది ఆయన నమ్మకం.

కొండజ్వరం అంటే మనవాళ్లు మన్యం జ్వరం అన్నదే. మైదానం నుంచి కొండెక్కిన ప్రతివాడినీ అది పడగొట్టేది. రంప కొండలలో తిరుగుబాట్లను అణచడానికి వచ్చిన సిపాయిలను తిరుగుబాటుదారుల కంటే ఎక్కువగా భయపెట్టింది అదేనంటే అతిశయోక్తి కాదు. అది మలేరియా అనీ, దోమ వల్ల వస్తుందనీ తెలియడానికి వందేళ్ల ముందే ఆ కొండల అంచున ఉన్న తెలుగు వైద్యుడు దానికి ఒక తీగ వేరు ఇస్తున్నాడు. ఆ వైద్యుడి పేరు రాక్స్‌బర్గ్ రాయలేదు. రాసి ఉంటే ఎంత బాగుండేదని ఇప్పుడు అనుకోవడం తప్ప చేయగలిగినదేమీ లేదు.

ఈ కథలో నన్ను ఆశ్చర్యపరిచే రెండో సగం కెన్యాలో జరిగింది. అక్కడి పోకోట్ ప్రజలు ఇదే మొక్కను జ్వరాలకు వాడతారు. దాని నుంచి వేరుచేసిన నిటిడిన్ అనే పదార్థం మలేరియా క్రిమి మీద ప్రయోగశాలలో బలంగా పనిచేస్తుందని 1995లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. తూర్పు కనుమల తెలుగువాళ్లూ కెన్యా కొండల పోకోట్లూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. ఒకే తీగ, ఒకే జ్వరం, ఒకే ఆలోచన. రెండు చోట్ల విడివిడిగా పుట్టిన ఇలాంటి వాడుక కనిపించినప్పుడు దాన్ని మూఢనమ్మకమని తోసేయడం కష్టం.

మరి ఇంత సాక్ష్యం చేతిలో పెట్టుకొని, దీన్ని మందుమొక్క అనకండి అని నేనెందుకు అంటున్నాను? ఎందుకంటే మందు అన్న మాట వినబడగానే అందరి చేయీ వేరు మీదికి పోతుంది. రాక్స్‌బర్గ్ ఆకు గురించి చెప్పాడు, కాయ గురించి చెప్పాడు, వేరు గురించి చెప్పాడు. ఆకు తుంచితే మళ్లీ చిగురిస్తుంది. కాయలు కోస్తే వచ్చే ఏడు మళ్లీ కాస్తుంది. వేరు తవ్వి బెరడు ఒలిస్తే ఆ తీగ కథ ముగిసినట్లే. ఈ మూడింటిలో లోకం పట్టుకున్నది మూడోదాన్నే.

అలా పట్టుకోవడం ఇవాళ మొదలైనది కూడా కాదు. 17వ శతాబ్దంలో లోపెజ్ వేరు పేరుతో ఒక మూలిక ఐరోపాకు చేరింది. హువాన్ లోపెజ్ పిన్యేరో అనే పోర్చుగీసు ఆసామి పేరు మీద దానికా పేరు వచ్చింది. ఇటలీ వైద్యుడు ఫ్రాంచెస్కో రెడి 1671లోనే దాని ప్రస్తావన చేశాడు. ఒక శతాబ్దం గడిచాక హాలండులోని లైడెన్‌లో గౌబియస్ అనే వైద్యాచార్యుడు దాన్ని అతిసారానికి వాడి మెచ్చుకున్నాడు. 1792లో ఎడిన్‌బరో వైద్యుల అధికారిక ఔషధ గ్రంథంలో దానికి చోటు దొరికింది. ఇన్నేళ్లూ ఆ వేరు ఏ మొక్కదో వాడేవాళ్లకు సరిగా తెలియదు! ఆకు చూడలేదు, పూవు చూడలేదు, కాయ రుచి చూడలేదు. మూటలో కట్టి వచ్చిన వేరు ముక్కలే వారికి ఆ మొక్క. అది మన కొండకసింద జాతిదేనని తేల్చినది చాలాకాలం తరువాత. అప్పటికి ఐరోపాలో దాని వాడుకే పోయింది. 1868లో ప్రభుత్వం వెలువరించిన భారతదేశ ఔషధ గ్రంథంలో మళ్లీ ఒకసారి కనిపించింది. సింకోనా చెట్లు నీలగిరులలో నాటుకొని, వాటి బెరడు నుంచి తీసే మలేరియా మందు క్వినైన్ తపాలా కార్యాలయాలలో పొట్లాలుగా దొరికే రోజులు వచ్చాక దాన్ని అడిగేవాడు లేకపోయాడు.

లోపెజ్ వేరు గురించి చదువుతున్నప్పుడు నాకు మా పట్టణంలో ఒక మూలికల దుకాణం గుర్తుకొచ్చింది. కొండకసింద ఉందా అని అడిగితే అలాంటిదేదీ లేదన్నారు. మొక్క శాస్త్రీయ నామాన్ని కాగితం మీద రాసి చూపిస్తే లోపలికి వెళ్లి ఒక ప్లాస్టిక్ సంచి తెచ్చారు: పసుపుపచ్చని చెక్కముక్కలు, ధర చీటీ, పాత లాటిన్ పేరు. ఇది ఎక్కడిదని అడిగితే ఏజెంటు తెస్తాడన్నారు. అంటే 17వ శతాబ్దపు ఐరోపా వైద్యుడికి తెలిసినంతే తెలుగు ఊరిలోని దుకాణదారుకూ తెలుసు. ఆయన తప్పేమీ లేదు. మొక్కను వేరుగానే చూసే వ్యాపారానికి ఆయన చివరి కొస మాత్రమే.

ఆ ముక్కల పసుపు రంగు గురించి ఒక మాట. బెరడులోని బెర్బెరిన్ వల్ల వచ్చే రంగు అది. మానుపసుపుకు రంగునిచ్చేదీ అదే పదార్థం. దక్షిణాదిలో ఈ వేరును బట్టలకు పసుపు రంగు అద్దడానికి కూడా వాడేవారు. అందులో బెర్బెరిన్‌తో పాటు కెలిరిత్రిన్, నేను పైన చెప్పిన నిటిడిన్, ఇంకా కూమరిన్ జాతి పదార్థాలు కొన్ని ఉన్నాయి. మలేరియా క్రిమిని చంపగల పదార్థం మన కణాలను విడిచిపెడుతుందన్న హామీ ఏదీ లేదు. కెలిరిత్రిన్, నిటిడిన్ అనే ఈ రెండు ఆల్కలాయిడ్లూ (మొక్కలలో పుట్టే ఒక రకం రసాయనాలు) ప్రయోగశాలలో మనిషి కణాలకూ విషంగానే తేలాయి. ఎంత బెరడు, ఎన్ని రోజులు, ఎవరికి ఇవ్వకూడదు అన్న కొలతలు ఆ పేరు తెలియని వైద్యుడి దగ్గర ఉండేవి, ఆయనతోనే పోయాయి. మనకు మిగిలింది 'జ్వరానికి మంచిది' అన్న వాక్యం. కొలత పోయి వాక్యం మిగిలితే దాన్ని సంప్రదాయ విజ్ఞానం అనడానికి నాకు మనసొప్పదు. మలేరియాకు ఇప్పుడు ఊరి ఆరోగ్య కేంద్రంలో పరీక్షా ఉంది, మాత్రలూ ఉన్నాయి. జ్వరం వచ్చినవాడు ముళ్లతీగ వేరు తవ్వుకోవలసిన అవసరం లేదు.

మా మిత్రుడొకడు ఈ మాటకు అభ్యంతరం చెప్పాడు. 'ఔషధ మొక్క అన్న గౌరవం కూడా లేకపోతే అది ఉత్త కంప అవుతుంది, పొయ్యిలోకి పోతుంది. మందు అన్న భయభక్తుల వల్లనే కదా జనం కొన్ని మొక్కలనైనా నరకకుండా వదిలేది' అన్నాడు. ఈ వాదనలో కొంత నిజం ఉంది. కానీ వేపనూ తులసినీ దృష్టిలో పెట్టుకొని అంటున్న మాట అది. వాటిలో మనం వాడేది ఆకు. వేరు కోసం పేరు పడ్డ మొక్కల గతి వేరు. నల్లమల, శేషాచలం అడవులలో మారేడుగడ్డల (ఇవి మారేడు చెట్టువి కావు, వేళ్ల కోసం తవ్వే వేరే తీగవి) సంగతి తెలిసినవారిని అడగండి: తవ్వేవాడు ఏటా ఇంకొంచెం లోపలికి నడవవలసి వస్తోంది. ఇంకొక సంగతి కూడా ఉంది. భయభక్తులు ఉండాలంటే ముందు పేరుండాలి. పోడు గట్టు మీద పెద్దాయన దాన్ని కాపాడాలనుకున్నా ఏమని కాపాడతాడు?

పేర్ల దగ్గరికి వచ్చాను కనుక కాసేపు అక్కడే ఆగుతాను, ఇది నాకు ఇష్టమైన చోటు. మైదానంలో తెలిసిన మొక్క పేరుకు ముందు 'కొండ' చేర్చి కొత్త మొక్కను పిలవడం తెలుగువాడి అలవాటు: కొండగోగు, కొండమామిడి, కొండతంగేడు. కసింద అంటే ఊరి బయట దిబ్బల మీద పసుపుపచ్చగా పూసే మొక్క. దానికీ ఈ ముళ్లతీగకూ పోలిక ఎక్కడుందో నేను ఎంత చూసినా కనిపెట్టలేకపోయాను. మలయాళంవాళ్లు దీన్ని కాకతొడలి అన్నారు. తొడలి అంటే మన పరిమి అనే ముళ్లపొద; కాకి అన్న మాట ముందు చేరిస్తే, మన కాకిదొండలో లాగా, అసలుది కాదని అర్థం. ఇద్దరూ దీన్ని మరో మొక్కకు బీదబంధువుగానే లెక్కకట్టారన్నమాట.

అయితే మలయాళం పేరుకు అదృష్టం పట్టింది. డచ్చి అధికారి వాన్ రీడ్ మలబారు మొక్కల మీద అచ్చువేయించిన పన్నెండు సంపుటాల లాటిన్ గ్రంథంలో ఇట్టి అచ్యుతన్ వంటి స్థానిక వైద్యులు చెప్పిన పేర్లు ఉన్నాయి. 1685 నాటి అయిదో సంపుటం ద్వారా కాకతొడలి ఐరోపాకు చేరింది. మొక్కలకు శాస్త్రీయ నామాలు పెట్టిన స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ 1753లో మొక్కకు వేరే లాటిన్ పేరు పెట్టినా, తరువాతివాళ్లు తొడలిని పట్టుకొని టొడాలియా అన్న ప్రజాతిని (దగ్గరి బంధుత్వం ఉన్న మొక్కల గుంపును) ఏర్పరచారు. అలా రెండు శతాబ్దాలకు పైగా మలయాళ మాట ఒకటి టొడాలియా ఏషియాటికా రూపంలో లోకమంతా తిరిగింది. ఆ తరువాత జన్యువులను పోల్చి చూసినవారు ఇది వేరే ప్రజాతి కాదనీ, జాంథాక్సిలం ప్రజాతిలోనే ఒక కొమ్మ అనీ తేల్చి, 2018లో జాంథాక్సిలం ఏషియాటికం అని మార్చారు. తొడలి కాస్తా ఎగిరిపోయింది. చైనా వంటలలో నాలుకను జిల్లుమనిపించే సిచువాన్ మిరియం ఈ ప్రజాతిదే కనుక, కొండకసింద కారానికి ఇప్పుడు శాస్త్రమే బంధుత్వం రాసిచ్చినట్లయింది.

ఆ మార్పు వల్ల ఎవరూ ఊహించని ఇంకొక బంధుత్వం కూడా కలిసింది. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిర్ఫల్ చెట్టు శాస్త్రీయ నామం జాంథాక్సిలం రెట్సా. ఈ రెట్సా మన తెలుగు మాట. ఒంటినిండా ముళ్ల బొడిపెలున్న ఆ చెట్టును తెలుగువాళ్లు రచ్చమాను అంటారనీ, కొండవాళ్లు తగవులు తీర్చుకోవడానికీ ఊరి సంగతులు మాట్లాడుకోవడానికీ దాని నీడన కూడుతారనీ రాక్స్‌బర్గే రాశాడు. 'రచ్చ' ఆయన చేతిలో 'రెట్సా' అయింది. అలాగే జ్వరానికి బెరడు ఇచ్చే సోమిద చెట్టు పేరు సొయ్మిడా అనే లాటిన్ ప్రజాతిగా నిలిచింది. సోమిదకూ రచ్చమానుకూ దక్కిన గౌరవం కొండకసిందకు దక్కలేదు. దక్కి ఉంటే మనం దాన్ని గుర్తుంచుకొని ఉండేవాళ్లమా అంటే, రచ్చమాను ఎందరికి తెలుసు? లాటినులో నిలిచిన పేరు మన నోట నిలవదు. నోట నిలవాలంటే అది నోటిలోకి పోయేదై ఉండాలి. గోంగూర పేరు ఏ తెలుగువాడూ మరిచిపోడు.

అందుకే రాక్స్‌బర్గ్ వాక్యాలలో నా మనసు ఊరగాయ దగ్గర ఆగిపోతుంది. ఇందులో ఒక తమాషా కూడా ఉంది. ఆయన కంపెనీ కోసం సామర్లకోటలో మిరియాల తోట వేయించిన మనిషి. మిరియం ఆ రోజుల్లో కంపెనీకి బంగారం. అలాంటివాడు, మిరియానికి సాటి అయిన కారం పక్క కొండల మీద ముళ్లతీగకు కాస్తోందని, దాన్ని ఇక్కడివాళ్లు ఊరగాయ పెట్టుకుంటున్నారని, తాను రుచి చూసి మెచ్చుకొని మరీ రాశాడు. ఆ వాక్యాన్ని ఏ కంపెనీ పట్టించుకోలేదు. వేరు మందు గురించిన వాక్యం మాత్రం ఆ తరువాతి ఔషధ గ్రంథాలలోకి ఎక్కింది. వైద్య గ్రంథాలు రాసినవాళ్లకు ఊరగాయతో పనిలేదనుకుందాం. మనకు కూడా లేకపోయిందా? వందల రకాల పచ్చళ్లు పెట్టే జాతి ఒక పచ్చడిని పూర్తిగా మరిచిపోయి, దాని జ్వరం మందును మాత్రం అరకొరగా గుర్తుంచుకోవడం నాకు అర్థం కాని విషయం.

స్థానిక సంస్థలు తమ పరిధిలోని మొక్కలకూ వాటి వాడుకలకూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు తయారుచేయాలని 2002 నాటి చట్టం ఏర్పాటు చేసింది. ఆ రిజిస్టర్లు రాసేవారిని నేను కోరేది ఒక్కటే: వాడుక అన్న గడిలో 'ఔషధం' అని రాసి ఊరుకోకండి. కాయ ఎవరైనా తింటారా, పిల్లలు ఏరుకుంటారా, ఏ పిట్ట తింటుంది, ఏ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది అని కూడా అడగండి. కరివేపాకు మీద గుడ్లు పెట్టే నల్లని తోకల సీతాకోకచిలుకను పెరట్లో చూసే ఉంటారు. దాని బంధువులకు అడవిలో కొండకసింద ఆకు మేత. కాయలు పిట్టలూ కోతులూ తిని విత్తనాలను చల్లుతాయి. గట్టు మీద ఆ తీగను ఎవరూ నాటలేదు.

చలికాలం చివర నేను మళ్లీ ఆ గట్టుకు వెళ్లాను. తీగ నిండా కాయలున్నాయి, సగం పచ్చివి, సగం నారింజ రంగువి. పెద్దాయనను అడిగి, ఆయన నవ్వుతూ "ఇవెందుకు బాబూ" అంటుంటే, రెండు గుప్పిళ్లు కోసుకున్నాను. పండినది ఒకటి కొరికితే ముందు నారింజ తొక్క వాసన, తరువాత ఘాటు, ఆ తరువాత చాలాసేపటి దాకా నాలుక కొన మీద చిమచిమ. ఆయన కూడా ఒకటి నోట్లో వేసుకొని, కాసేపు ఊరుకొని, చిన్నప్పుడు పశువులు కాసేటప్పుడు తిన్నామన్నాడు.

ఇంటికి తెచ్చి, కడిగి, నీడన ఆరబెట్టి, ఉప్పూ పసుపూ నిమ్మరసమూ వేసి చిన్న జాడీలో పెట్టాను. వారం తరువాత పెరుగన్నంలోకి మా అమ్మకు మూడు కాయలు వేసి, ఏమిటో చెప్పకుండా తినమన్నాను. మొదటిది కొరికి, "నిమ్మకాయలో మిరియాలు దంచి పోసినట్టుందిరా" అంది. రెండోది తింటూ గింజ పంటికింద పడి మొహం చిట్లించింది. "గింజలు తీయకుండా ఎవరైనా ఊరబెడతారా?" అని, మూడోది పక్కన పెట్టకుండా తినేసింది.